అవధానము – ఆశ్రయాన్వేషణము

కవికి విద్య యెంత ముఖ్యమో, ఆ విద్య తనకుఁ గలదని పోషకునకుఁ దెలియుటయు నంత ముఖ్యము. ఆస్థానమునఁ గుదురుకొన్న కవి కీ చింత లేదు. వృత్తియు వేతనమును లేక యూరూరఁ దిరుగు కవికి రాజద్వారము దాఁటుటయే మొదటి కష్టము. అవధానము కేవలము ధారణాచమత్కార మనియు, నది కవిత్వము కాదనియుఁ గొందఱు విమర్శకు లందురు. ఆశ్రయమును వెదకికొను కవి కది చేసిన యుపకారమును విచారించినఁగాని యీ నిర్ణయము సమగ్రము కానేరదు.

పూర్వపు మార్గము శ్రీనాథుని చరిత్రమునఁ గానవచ్చుచున్నది. పెదకోమటి వేమారెడ్డికడ విద్యాధికారిగా నుండిన యమ్మహాకవి కొండవీటి ప్రాభవము తగ్గిన పిదప నాశ్రయాంతరమును వెదకికొనవలసివచ్చెను. విజయనగరమున గౌడడిండిమభట్టును వాదమున జయించి ప్రౌఢదేవరాయలచేఁ గనకాభిషేకము వడసెను. రాజమహేంద్రవరమున బెండపూడి అన్నయమంత్రికి భీమఖండమును, వీరభద్రారెడ్డికిఁ గాశీఖండమును నంకిత మొసఁగెను. ఒకచోట వాదవిజయము, మఱియొకచోట మంత్రిప్రాపకము తోడయ్యెను. ఈ రెండును సభాప్రవేశము గలవానికే లభ్యములు.

19వ శతాబ్దాంతమునకుఁ గాలము మాఱెను. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, వేంకటగిరి, పిఠాపురము మున్నగు సంస్థానములు పండితులను సత్కరించుచునే యుండెను. కాని యొక్క ప్రభువే కవిని జీవితాంతము పోషించుట యరుదయ్యెను. పట్టణములందు న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు నను క్రొత్త రసికవర్గ మేర్పడెను. సంస్థానాధీశులకును బట్టణరసికులకును సమానముగాఁ దృప్తి గూర్పఁగలిగిన పరీక్ష శతావధానము. మాడభూషి వేంకటాచార్యులు మున్నే యీ త్రోవఁ ద్రొక్కి ప్రసిద్ధు లైరి.

అందుఁ బృచ్ఛకులు 100 మంది. ప్రతివాఁడును దన కిష్టమగు విషయముమీఁదఁ బద్యముఁ గోరును. అవధాని మొదటి యావృత్తిలో నందఱకును దొలిపాదములను, తరువాతి యావృత్తులలోఁ దక్కిన పాదములను జెప్పి, తుదకుఁ బద్యముల నన్నింటిని వరుసగా నప్పగించును. విషయనిర్ణయము పరులది గావున ముందుగా రచించికొని వచ్చుట పొసఁగదు. తన గొప్పను దానే చెప్పికొను కవిని లోకము నమ్మదు. తానడిగిన ప్రశ్నమునకు సమాధానమును స్వయముగా వినిన పృచ్ఛకుఁడో, కవి కోరకయే సాక్షి యగును. ఒక్క సభ ముగియునప్పటి కట్టి సాక్షులు నూర్గురు సిద్ధము.

ఈ మర్మము నెఱిఁగినవారు దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950). చర్ల బ్రహ్మయ్యశాస్త్రికడఁ జదివిన యీ సతీర్థ్యులు జంటగా నవధానములు సలిపిరి. బ్రాహ్మణపండితులకు మీసము తగదని పెద్దలు తలఁచు దినములలో వారు మీసము పెంచిరి. ఉభయభాషలందును దామే కవులమని తెలుపుటకే యట్లు చేసితిమనియు, తమ్ము గెలిచినచో దానిఁ దీసి మ్రొక్కుదు మనియుఁ బద్యమునఁ జాటిరి. అది యహంకారమువలెఁ దోఁచును గాని, నిజమునకుఁ బరీక్షకుఁ బిలుపు; చూచినవాఁడు మఱవరాని గుఱుతు. రాజదర్శనములందుఁ జెప్పిన పద్యములను ‘నానారాజసందర్శన’మను పేర గ్రంథస్థ మొనర్చుటచే నొక సభలోని ప్రతిష్ఠ వేఱొక సభకు ముందుగా నడచుట కవకాశము గలిగెను.

ఐనను నీ కీర్తికి వెల లేకపోలేదు. పిలుపు విన్నవా రెల్లరు సత్కరింపరు, కొందఱు కలహింతురు. కొప్పరపు కవులతోడను, వేంకటరామకృష్ణ కవులతోడను జరిగిన వివాదములకుఁ జాల కాలము వ్యయమయ్యెను. సభలోఁ బుట్టిన పద్యము సభతోనే తీఱిపోవుటయుఁ గలదు. తుదకు తిరుపతిశాస్త్రి పోలవరము జమీందారు నాశ్రయించెను. వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలోఁ బండితుఁడై విశ్వనాథ సత్యనారాయణ ప్రభృతులకు గురువయ్యెను. ఊరూర మ్రోగినది పాండవోద్యోగవిజయముల పద్యము.

కావున నవధానమును గవిత్వమునకుఁ బర్యాయముగా నెంచుటయుఁ దప్పు, గారడి యని త్రోసివేయుటయుఁ దప్పు. అది ద్వారము దెఱచిన తాళపుఁజెవి. లోపల నిలువఁగలిగినది రచన. 1920లో సహచరుఁడు గతించినను వేంకటశాస్త్రి తన కృతులను జంటపేరనే ప్రకటించెను. 1949లో మదరాసు ప్రభుత్వ మాయనను నాస్థానకవిగా నియమించినది. ఆశ్రయము వెదకుచు బయలుదేరిన విద్య వృద్ధాప్యమునఁ దన్ను వెదకికొనుచు వచ్చిన యాశ్రయమును జూడఁగలిగెను.