మనిషికొక కార్డు

జననం, మరణం, వివాహం, నివాసం - వీటిని చిట్టాలకెక్కించడం ప్రభుత్వాలకు పాత అలవాటే. ఆ పనిని ఒక శాస్త్రం వలె సాగించిన దేశాలలో నెదర్లాండ్స్ ముందు వరుసలోనిది. 1850 నుండి అక్కడి ప్రతి పురపాలక సంఘమూ తన జనుల పట్టికను ఉంచుతూ వచ్చింది. 1936లో పుస్తకాలకు బదులు మనిషికొక కార్డు ఉండాలని నిర్ణయించారు. మనిషి కాపురం మార్చితే కార్డు కూడ అతని వెంట క్రొత్త ఊరి కార్యాలయానికి పోతుంది. పుట్టుక నుండి చావు వరకు ఒకే కార్డు!

ఈ పద్ధతిని తీర్చిదిద్దిన ఉద్యోగి యాకోబ్ లెంట్జ్. పనిలో పరిపూర్ణతయే ఆయన ధ్యేయం. చిక్కంతా అక్కడనే ఉన్నది. కార్డులో మతానికి కూడ ఒక గడి ఉండేది. శాంతికాలంలో ఆ గడి వలన ఎవరికీ ప్రాణభయం కలుగలేదు.

ఫోటో, వ్రేలిముద్ర గల గుర్తింపు కార్డును కూడ ప్రజలందరికీ ఇవ్వాలని లెంట్జ్ సూచించగా, 1940 మార్చిలో డచ్చి ప్రభుత్వం త్రోసిపుచ్చింది. ప్రతి పౌరుణ్ణీ నేరస్థుని వలె చూడటం తమ సంప్రదాయం కాదన్నది. రెండు నెలలకే హిట్లరు సేనలు దేశాన్ని ఆక్రమించాయి. నిరాకరించిన ఆ కార్డే 1941లో అమలులోకి వచ్చింది. యూదుల కార్డులపై 'జె' అక్షరం ముద్రించారు. దేశంలోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులైనారు. ఫ్రాన్సులో హతులైనవారు నాలుగింట ఒక వంతు మాత్రమే. ఈ తేడాకు కారణాలు పెక్కు. వాటిలో తప్పులు లేని ఈ చిట్టా కూడ ఒకటని చరిత్రకారులు భావిస్తారు.

దొంగ కార్డు తయారు చేయవచ్చును. కాని కార్యాలయంలోని మూలకార్డుతో సరిచూస్తే గుట్టు బయటపడుతుంది. కనుక మూలకార్డులనే నాశనం చేయాలి. 1943 మార్చి 27 రాత్రి చిత్రకారుడు విల్లెం అరొన్డేయుస్, శిల్పి గెరిట్ వాన్ డర్ వేన్ మొదలైనవారు పోలీసు దుస్తులలో ఆమ్‌స్టర్‌డాం కార్యాలయంలో ప్రవేశించారు. కావలివారికి మత్తుసూదులిచ్చి, వారిని భద్రంగా వెలుపలికి చేర్చారు. పిమ్మట కార్డులను నేలపై కుమ్మరించి భవనాన్ని ప్రేల్చారు. బిగువుగా పేర్చిన కాగితాల మధ్యకు గాలి చొరదు. అందుచే అవి సులభంగా కాలవు. ఆ కొరతను అగ్నిమాపక దళం తీర్చింది. కావాలనే తాపీగా వచ్చి, అవసరానికి మించి నీళ్ళు కొట్టింది! ఇంతా చేసి పాడైన కార్డులు నూటికి 15 మాత్రమే. జూలై 1న పన్నెండుగురిని కాల్చి చంపారు.

గుర్తింపు కార్డుల నకళ్ళు హేగ్ నగరంలోని క్లైకాంప్ భవనంలో ఉండేవి. డచ్చి ప్రతిఘటనోద్యమం కోరగా, 1944 ఏప్రిల్ 11న ఆరు బ్రిటిష్ విమానాలు దానిపై బాంబులు వేశాయి. లోపలి గుమాస్తాలు మొదలగువారు అరవైమంది వరకు మరణించారు. చిట్టాను చంపబోతే చిట్టా వ్రాసేవారు చనిపోయారు.

ఈ జ్ఞాపకం త్వరగా మాసిపోలేదు. 1971లో జనాభా లెక్కలవారు ఇంటింటికీ వచ్చినప్పుడు వేలాది డచ్చివారు ఫారాలు నింపలేదు. 1981 నాటి లెక్కలు జరుగనే లేదు. పొరుగున పశ్చిమ జర్మనీలోనూ 1983 జనగణనపై ప్రజలు న్యాయస్థానానికెక్కారు. తన వివరాలు ఎవరికి, ఎందుకు చేరాలో నిర్ణయించుకొనే హక్కు పౌరునికి కలదనీ, ఒక పనికై సేకరించినదానిని అధికారులు తమ ఇష్టం వచ్చిన వేరొక పనికి వాడరాదనీ ఆ ఏడు డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ లెక్కలు, సవరణల మీదట, 1987లో గాని జరుగలేదు.