గచ్చు కింద పైపుల లీకేజీ

గచ్చు, కాంక్రీటు లోపల వేసిన పైపుల నుంచి నీరు కారడం. చలి దేశాల్లో గదులను వెచ్చబరచే వేడినీటి పైపులకు వచ్చే ఈ సమస్య విజయవాడ, కృష్ణా డెల్టా ఇళ్లలో మంచినీటి, గీజరు పైపులకు వస్తుంది. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలిచ్చి కదలడంతో అతుకులు వదులవుతాయి.

గుర్తింపు: కుళాయిలు, ఫ్లష్ ట్యాంకులు కట్టేసినా పై ట్యాంకులో నీరు తగ్గుతుంటే లీకును అనుమానించాలి. కాలువలు పారే రోజుల్లో భూగర్భజలం పైకొచ్చి గచ్చు చెమర్చడం వేరు. వాల్వులు ఒక్కొక్కటే మూసి లైనును, నీటి చప్పుడు వినే పరికరంతో చోటును పట్టుకుంటారు. వేడినీటి లైనుకు థర్మల్ కెమెరా పనికొస్తుంది.

మరమ్మతు: అక్కడి గచ్చు మాత్రమే తొలిచి, పాడైన సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు ముక్క కోసి, కప్లర్లతో కొత్తది అతికిస్తారు. పీడన పరీక్షలో నిలిచాకే గచ్చు పూడ్చాలి.