కియా సెల్టోస్ (మొదటి తరం): ఇంజిన్‌ల మదింపు

దక్షిణ కొరియా సంస్థ కియా భారతదేశంలో విడుదల చేసిన తొలి కారు సెల్టోస్. ఐదుగురు కూర్చునే ఈ ప్రీమియం మధ్యస్థాయి ఎస్‌యూవీ శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కర్మాగారంలో తయారవుతుంది. 2022 ఏప్రిల్‌కు ముందు రాసిన వాటిలో ఈ ఊరు అనంతపురం జిల్లాలో కనిపిస్తుంది. ఉత్పత్తి ఎప్పుడు మొదలైందన్నదానికి మూడు తేదీలు ప్రచారంలో ఉన్నాయి: ప్రయోగాత్మక ఉత్పత్తికి 2019 జనవరి 29, తొలి సెల్టోస్ బయటికి వచ్చిన ఆగస్టు 8, కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించిన డిసెంబరు 5. అమ్మకాలు ఆగస్టు 22నే మొదలయ్యాయి కనుక రెండో తేదీని తీసుకోవడమే సబబు.

మొదట మూడు ఇంజిన్‌లతో వచ్చింది: 1,497 సీసీ మామూలు పెట్రోలు (115 పీఎస్, 144 ఎన్‌ఎం), 1,353 సీసీ టర్బో పెట్రోలు (140 పీఎస్, 242 ఎన్‌ఎం), 1,493 సీసీ డీజిలు (115 పీఎస్, 250 ఎన్‌ఎం). కొన్ని పట్టికల్లో ఇదే శక్తిని బీహెచ్‌పీలో చూపడంతో అంకెలు ఒకటి రెండు తగ్గి కనిపిస్తాయి. ఇంజిన్ మారినట్టు కాదు. రోడ్డు మీద నడిచేటప్పుడు వెలువడే పొగను కొలిచే ఆర్‌డీఈ నిబంధనలు 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి. ఆ సమయంలోనే చిన్న టర్బో తప్పుకుంది. అదే ఏడాది జులైలో వచ్చిన కొత్త రూపంలో దాని స్థానాన్ని 1,482 సీసీ టర్బో (160 పీఎస్, 253 ఎన్‌ఎం) తీసుకుంది.

నాలుగు ఇంజిన్‌లూ 1,500 సీసీ లోపే ఉండడం గమనించదగ్గది. 2019లో, నాలుగు మీటర్ల పొడవు దాటిన ఎస్‌యూవీ ఇంజిన్ 1,500 సీసీ మించితే జీఎస్టీ మీద 22 శాతం సెస్సు పడేది. లోపుంటే 17 శాతం. సెల్టోస్ పొడవు 4.3 మీటర్లు దాటుతుంది. ఇంజిన్ పరిమాణాల ఎంపిక వెనుక ఈ లెక్క ఉందనుకోవడం సహేతుకమే.

మామూలు పెట్రోలు ఇంజిన్‌ను చాలా సమీక్షలు రెండు మాటల్లో తేల్చేస్తాయి. అది న్యాయం కాదు. దాని పూర్తి టార్క్ 4,500 ఆర్‌పీఎం దగ్గర గాని అందదు. కాబట్టి నిండుగా మనుషులు, సామాను వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేరు తగ్గించక తప్పదు. కానీ ఊళ్లో రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇది చాలు. టర్బో లేదు, డీజిలు మసి వడపోత లేదు. పాడయ్యే భాగాలూ ఆ మేరకు తక్కువే. దీనితో వచ్చే ఐవీటీ ఆటోమేటిక్ ట్రాఫిక్‌లో కుదుపు లేకుండా సాగుతుంది.

టర్బో పెట్రోలులో పికప్‌కు సాటి లేదు. పెద్ద టర్బోలో పూర్తి టార్క్ 1,500 ఆర్‌పీఎం నుంచి 3,500 దాకా నిలిచి ఉంటుంది. దీనికి జోడించిన ఏడు గేర్ల డీసీటీలోని పొడి క్లచ్‌లకు మాత్రం అంగుళం అంగుళం కదిలే రద్దీలో వేడెక్కే స్వభావం ఉంది. కొనేవారు తమ దారిలోనే, తాము రోజూ బయల్దేరే వేళలోనే నడిపి చూడడం మంచిది.

డీజిలుకూ దాదాపు అంతే టార్క్ ఉంది; 1,500 నుంచి 2,750 ఆర్‌పీఎం మధ్య అందుతుంది. హైదరాబాద్–బెంగళూరు లాంటి దూరాలు తరచూ వెళ్లేవారికి, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌తో కూడిన డీజిలే అన్నిటికన్నా కుదురైన జోడీ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఊళ్లోనే తిరిగే బండికి ఇది పనికిరాదు. పొగగొట్టంలోని మసి వడపోతలో పేరుకున్నది కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా సాగాలి. చిన్న ప్రయాణాల్లో ఆ అవకాశం రాదు. పదేళ్లు దాటిన డీజిలు బండ్లపై ఢిల్లీ ప్రాంతంలో విధించిన ఆంక్షలు ఇప్పుడు ఎలా ఉన్నాయో కూడా అక్కడికి బదిలీ అయ్యే ఉద్యోగులు కనుక్కోవాలి.

మైలేజీ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 2023 రూపానికి ప్రకటించినవి లీటరుకు ఇలా ఉన్నాయి: మామూలు పెట్రోలు 17–17.7 కిలోమీటర్లు, టర్బో 17.7–17.9, డీజిలు 19.1–20.7. 160 పీఎస్ ఇంజిన్ 115 పీఎస్ ఇంజిన్ కన్నా పొదుపైనదిగా కనిపించడానికి ప్రయోగశాల పరీక్ష తీరు కొంత కారణం కావచ్చు. ఆ పరీక్షలో యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కే సందర్భాలు తక్కువ. తొక్కితే టర్బో ఎక్కువ తాగుతుంది.

భద్రత విషయంలో, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌కు పెద్దల రక్షణలో మూడు, పిల్లల రక్షణలో రెండు నక్షత్రాలు వచ్చాయి. 2022లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ ప్రామాణికమయ్యాయి.

అమెరికాలోని తెలుగువారు అక్కడి సెల్టోస్ గురించి చెప్పే అనుభవం ఇక్కడి బండికి సరిగ్గా వర్తించదు. అక్కడ 2.0 లీటర్ల పెట్రోలు, 1.6 లీటర్ల టర్బో ఇంజిన్‌లు వచ్చాయి, నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఏర్పాటూ దొరుకుతుంది. భారత్‌లో అమ్మిన మొదటి తరం బండ్లన్నీ ముందు చక్రాలతో నడిచేవే.