ఒకే తీగలో 22 ఆంపియర్లు

కంప్యూటర్‌లో ఆట మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి గదిలో ఏదో కాలుతున్న వాసన. వెంటనే పవర్ సప్లయ్ స్విచ్ ఆపేశాడా ఆటగాడు. తీరా చూస్తే, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు తీసుకెళ్లే కేబుల్ ప్లగ్ కరిగిపోయి ఉంది. కార్డు వైపే కాదు, పవర్ సప్లయ్ వైపు కూడా.

అది 2025 ఫిబ్రవరి రెండో వారం. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5090 కార్డు జనవరి 30న బజారులోకి వచ్చింది. అప్పట్లో అమెరికాలో ధర 1,999 డాలర్లు, మన దగ్గర రెండు లక్షల పైమాటే. కార్డు ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. దానికి వెయ్యి వాట్ల పవర్ సప్లయ్ కావాలని కంపెనీ చెప్పింది. అతను పెట్టుకున్నదీ పేరున్న వెయ్యి వాట్లదే. కేబుల్ మాత్రం వేరే కంపెనీది, విడిగా కొన్నది.

ఆ సంగతి బయటికి రాగానే తప్పంతా కేబుల్ మీదికి నెట్టేయడం తేలికైపోయింది. పరాయి కేబుల్ వాడాడు, కాలింది అన్నారు. కథ అక్కడితో ముగిసేదే. కానీ కరిగిన కార్డు, కేబుల్, పవర్ సప్లయ్ మూడూ జర్మనీలో రోమన్ హార్టుంగ్ చేతికి చేరాయి. డెర్‌బావర్ పేరుతో ప్రసిద్ధుడైన ఓవర్‌క్లాకర్ ఆయన. కంప్యూటర్ భాగాలను వాటి హద్దుల దాకా తోలి చూడటమే ఆయన వృత్తి. కాలిన వస్తువులను పరిశీలించాక ఆయనకొక సందేహం కలిగింది. ఇదే తన బల్ల మీద, తన సొంత సామాన్లతో జరిగితే?

తన 5090ని బిగించాడు. పవర్ సప్లయ్ కోర్సెయిర్ ఏఎక్స్1600ఐ. అక్షరాలా 1600 వాట్లు. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు దొరికేవాటిలో ఇంతకన్నా పెద్దవి అరుదు. కేబుల్ కూడా ఆ కంపెనీదే. కార్డును పూర్తి బరువుతో పరుగెత్తించే ఫర్‌మార్క్ ప్రోగ్రాం మొదలుపెట్టి, థర్మల్ కెమెరా అటు తిప్పాడు.

నాలుగు నిమిషాలైంది. పవర్ సప్లయ్ దగ్గరి ప్లగ్ వేడి 150 డిగ్రీలు దాటింది. నీళ్లు మరిగే వేడికి ఇంకో సగం కలిపితే ఎంతో, అంత. కార్డు వైపు దాదాపు 90. పొగ లేదు, చప్పుడు లేదు, తెర మీద ఏ హెచ్చరికా లేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయనే కంప్యూటర్ అనుకుంటోంది.

తర్వాత కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తీసుకుని, తీగలను ఒక్కొక్కటిగా పట్టి చూశాడు. ఒక తీగలో 22 ఆంపియర్లు. మరొకదానిలో రెండంటే రెండు.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కథంతా ఇందులోనే ఉంది. 575 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 48 ఆంపియర్లు. ఆ కేబుల్లో కరెంటు తీసుకెళ్లే తీగలు ఆరు, తిరిగి తెచ్చేవి ఆరు. సమంగా పంచుకుంటే తీగకు ఎనిమిది. ఒక్కో పిన్ను తట్టుకునే హద్దు 9.5 ఆంపియర్లు. ఆరుగురు మోయాల్సిన పల్లకిని ఇద్దరి భుజాల మీద పెట్టి, మిగతా నలుగురు పక్కన ఊరికే నడిచినట్టయింది అక్కడ. పైగా వేడి పెరిగేది కరెంటు వర్గానికి తగ్గట్టు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న జౌల్ నియమమే ఇది. ఎనిమిది ఆంపియర్లు మోసే తీగ 22 మోస్తే పుట్టే వేడి ఏడు రెట్లకు పైగా ఉంటుంది.

మరి 1600 వాట్ల పవర్ సప్లయ్ ఎందుకు ఆగిపోలేదు? దానికి తెలిసే దారి లేదు. అది చూసేది మొత్తం కరెంటునే. 48 ఆంపియర్లు దానికొక లెక్కే కాదు, 12 వోల్టుల మీద 130 దాకా ఇవ్వగలదు. ఏ తీగలో ఎంత పోతోందో దానికి పట్టదు. కార్డుకూ పట్టదు. ఎందుకంటే ఆరు పిన్నులూ లోపలికి వెళ్లగానే ఒక్కటిగా కలిసిపోతాయి. 2022లో వచ్చిన ఎన్విడియా 3090 టీఐ కార్డులో ఇలా ఉండేది కాదు. అందులో ఆరు పిన్నులను మూడు జతలుగా విడదీసి, మూడింటి మీదా బరువు సమంగా పడేలా చూసేవారు. తర్వాతి తరంలో ఆ కాపలా తీసేశారు. కార్డు తాగే కరెంటు పెరుగుతున్నప్పుడు ఉన్న రక్షణను తొలగించడం నా దృష్టిలో క్షమించరాని నిర్ణయం.

నిజం చెప్పాలంటే అందరి బల్లల మీదా ఇలా జరగలేదు. ఖరీదైన కంప్యూటర్లు కట్టే అమెరికా సంస్థ ఫాల్కన్ నార్త్‌వెస్ట్ చాలా కార్డులను కొలిచి చూస్తే కరెంటు సమంగానే ప్రవహించింది. భయం అక్కడే ఉంది. ఏ ప్లగ్‌లో ఏ పిన్ను సరిగ్గా ఆనుతోందో బయటి నుంచి చూసి చెప్పలేం.

ఈ మంట 2025లో పుట్టింది కాదు. 2022 అక్టోబరు 12న ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన రెండు వారాల్లోనే కరిగిన ప్లగ్‌ల ఫొటోలు బయటపడ్డాయి. నవంబరులో కంప్యూటర్ భాగాలను సమీక్షించే గేమర్స్ నెక్సస్ బృందం కాలిన ప్లగ్‌లను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించింది. ప్లగ్ పూర్తిగా దిగకపోవడం, వంకరగా ఉండటం, లోపల చిక్కుకున్న లోహపు నలుసులు కారణాలుగా తేలాయి. ప్రపంచం మొత్తం మీద 50 కేసుల దాకా తమ దృష్టికి వచ్చాయని ఎన్విడియా ప్రకటించింది. తర్వాత ప్లగ్‌ను సవరించి, సమాచారం చేరవేసే నాలుగు చిన్న పిన్నులను పొట్టి చేశారు. ప్లగ్ పూర్తిగా దిగితేనే అవి తగులుతాయి, అప్పుడే కార్డు కరెంటు తీసుకుంటుంది. 12వీ 2×6 అంటున్నది ఈ కొత్త ప్లగ్‌నే.

పాత ఎనిమిది పిన్నుల ప్లగ్ 150 వాట్లకు మించి మోసేది కాదు. తీగకు నాలుగు ఆంపియర్ల పైచిలుకే. కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకునేది. అలాంటివి నాలుగు చేసే పనిని ఇప్పుడు వాటికంటే చిన్న ప్లగ్ ఒక్కటే చేస్తోంది. పొరపాటుకు చోటు లేకుండా పోయింది.

అలాగని పవర్ సప్లయ్ తప్పు ఎప్పుడూ ఉండదని కాదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులకు కరువొచ్చినప్పుడు అమెరికాలో కార్డు కావాలంటే జతగా అంటగట్టిన పవర్ సప్లయ్ కూడా కొనాల్సి వచ్చింది. వాటిలో గిగాబైట్ వారి రెండు మోడళ్లు బరువు పెంచి పరీక్షించినప్పుడు పేలిపోయాయి. ఆ ఆగస్టులో కంపెనీ హద్దు దాటితే ఆగిపోయే మోతాదును తగ్గించి, వాటిని మార్చి ఇస్తామంది. డబ్బా మీద అంకె ఎంతున్నా, లోపలి రక్షణ సరిగా లేకపోతే అది పనికిరాదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, విజయవాడలోనో పెద్ద కార్డు కొనబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఇది. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయ్) ఎన్ని వాట్లదని అడిగి ఊరుకోవద్దు. 5090కి 575, మంచి ప్రాసెసర్‌కు 250, మిగతా వాటికి ఇంకొంత కలిపితే వెయ్యి వాట్లన్నది విలాసం కాదు, కనీసం. పవర్ సప్లయ్‌కి ఏటీఎక్స్ 3.1 ప్రమాణం ఉందో లేదో చూడండి. రెప్పపాటు కూడా కాని క్షణాల్లో కార్డు రెట్టింపు కరెంటు లాగుతుంది. దాన్ని తట్టుకునే నియమాన్ని 2022లో ఏటీఎక్స్ 3.0తోనే తెచ్చారు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుందే తప్ప భద్రత గురించి ఏమీ చెప్పదు. ఒక కంపెనీ పవర్ సప్లయ్‌కి ఇంకో కంపెనీ కేబుల్ ఎన్నడూ తగిలించకండి, పవర్ సప్లయ్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే, దాని మీద ఈ కార్డు ఆశలు పెట్టుకోవద్దు.

ప్లగ్ చప్పుడొచ్చేదాకా నొక్కండి, దాని దగ్గరే తీగను వంచకండి. ఊరికే తీసి పెట్టకండి, అది 30 సార్లకు మించి తీసి పెట్టడానికి తయారైంది కాదు. కొన్న వారంలోనే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉన్న టెక్నీషియన్‌ను పిలిచి, కార్డు పూర్తి బరువు మీద ఉండగా ఆరు తీగలనూ విడివిడిగా కొలిపించండి. ఏ ఒక్కటి 9.5 ఆంపియర్లు దాటినా వెంటనే కంప్యూటర్ ఆపేసి, కేబుల్ మార్చమని అడగండి.