బొంబాయి తెలుగువారి అద్దె యిండ్లు

నగరమును కట్టిన కూలికి ఆ నగరముననే తలదాచుకొను చోటు దుర్లభమగుట చరిత్రలో తరచుగా కానవచ్చును. బొంబాయి తెలుగువారి వృత్తాంతము ఇందుకు చక్కని నిదర్శనము. పదునెనిమిదవ శతాబ్ది చివర, సముద్రపు పాయలను పూడ్చి దీవులను ఏకము చేయుచున్న కాలమున, నైజాము రాజ్యములోని తెలుగు సీమనుండి రాతిపనివారును మట్టిపనివారును అచ్చటికి వలసపోయిరి. స్థానికులు వారిని కామాఠీలని పిలిచిరి. వారు నివాసమేర్పరచుకొన్న పల్లపునేలయే కామాఠిపురమయ్యెను.

1854లో తొలి నూలుమిల్లునకు అంకురార్పణ జరిగెను. 1871లో బొంబాయి, మద్రాసు రైలుమార్గములు రాయచూరు వద్ద కలిసెను. అటుపిమ్మట వలస పెరిగెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల పద్మశాలీలు చేతిమగ్గము విడిచి మిల్లు సాంచెల వద్ద చేరిరి. పని దొరకినను గది దొరకుట కష్టముగా నుండెను. పరేలు, వర్లీ, ప్రభాదేవి పేటలలో ‘చాల్’ అనబడు మేడలే కార్మికులకు గతి. పొడవైన వసారా, దాని వెంట వరుసగా ఒంటి గదులు, గది మూలను నీళ్ల మోరీ, అంతస్తున కంతయు ఉమ్మడి పాయిఖానాలు: ఇదియే వాని రూపము. గదిని ‘ఖోలీ’ యనిరి. ఒక్క ఖోలీని పదిమంది ఒంటరి మగవారు కలిసి అద్దెకు పట్టుటయు, రేయిపాళివారు లేచిపోయిన చాపపై పగటిపాళివారు పరుండుటయు సామాన్యము. భోజనము ఖానావళిలో. 1921 జనాభా లెక్కల నాటికి నగరవాసులలో ఇంచుమించు మూడింట రెండు వంతులమంది ఒంటిగది నివాసములలోనే యుండిరి.

గది సంపాదించుటకు రూకలు మాత్రమే చాలవు, పరిచయము కావలెను. ఊరివాడో, కులమువాడో పూచీ పడవలెను. మిల్లులో పని యిప్పించు ముకద్దమునకు ఇంటి యజమానుల వద్దను పలుకుబడి యుండుటచే, పలువురకు పనియు వాడే, గదియు వాడే. కావున పని పోయినవానికి నీడయు పోవు భయముండెను.

1896లో ప్లేగు చెలరేగినప్పుడు ఇరుకు గృహములే రోగమునకు నెలవులని పాలకులు తలచి, 1898లో నగరాభివృద్ధి ట్రస్టును నెలకొల్పిరి. అది పాత యిండ్లను కూల్చుటలో చూపిన వేగము కొత్తవి కట్టుటలో చూపలేదు. వెళ్లగొట్టబడినవారు పొరుగు చాళ్లలోనే క్రిక్కిరిసిరి. 1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వర్లీ, నయగాం, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 చాళ్లను కట్టించెను. ఒక్కొక్క చాలునకు 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. మొదట ఖాళీగా నున్న గదులెన్నో తరువాతి దశాబ్దములలో నిండిపోయెను. వర్లీ చాళ్లలో తెలుగు కుటుంబములు తరతరములుగా వసించినవి.

అద్దె చరిత్రలో ముఖ్యమైన మలుపు 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టము. 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెయే ప్రమాణమని అది శాసించెను. నాడు పది రూపాయలున్న గదికి, పన్నుల వంటి అనుమతింపబడిన హెచ్చింపులు తప్ప, అర్ధశతాబ్ది గడచినను ఆ పదియే ప్రమాణము. కారణము లేక ఖాళీ చేయింప రాదు. ఇది కార్మికునకు కోటగోడ వంటిది. అయితే ఆ గోడకు వెలుపల నున్నవాడు వెలుపలనే నిలిచిపోయెను. కొత్తవానికి గది కావలెనన్న ‘పగిడీ’ యను పెద్ద మొత్తము చాటుగా చెల్లింపవలసి వచ్చెను. అద్దె చాలని యజమాని మరమ్మతులు మానెను, మేడలు శిథిలమయ్యెను. వాని బాగుకై 1969లో వేరొక చట్టము చేసి, సెస్సు వసూలు చేసి, ప్రభుత్వమే పూనుకొనవలసి వచ్చెను. నాటి అద్దెను అట్లే బిగించియుంచుట న్యాయము కాదని 1997లో సుప్రీంకోర్టు పలికెను. 2000 మార్చి 31న అమలులోనికి వచ్చిన 1999 నాటి మహారాష్ట్ర చట్టము ఏటికి నూటికి నాలుగు చొప్పున హెచ్చింపును అనుమతించి, పగిడీని చట్టసమ్మతము చేసెను.

ఈ చట్టము విలువ 1982లో తేటపడినది. ఆ యేడు జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మె కట్టిరి. సమ్మె ఫలింపలేదు, పెక్కుమంది పనులు తిరిగి దొరకలేదు. జీతము పోయినను, స్వల్పపు అద్దె గల ఖోలీ నిలిచినది. ఇల్లాండ్రు ఇంటనే చిన్న పనులు చేసి బిడ్డలను పెంచిరి. నిలువలేనివారు పగిడీ హక్కును అమ్ముకొని, యజమానికి వాడుక ప్రకారము భాగమిచ్చి, భివండికో కల్యాణునకో స్వగ్రామమునకో తరలిరి.

ఇట్లు తరలినది కుటుంబము మాత్రమే కాదు. ఒకే మేడలో ఇరువది తెలుగు గడపలున్నప్పుడు బిడ్డ వసారాలోనే తెలుగు నేర్చును. నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలకు నడిచి పోవును. గడపలు చెదరిన వసారాయు పోవును, బడియు పలుచబడును. భాష నిలుచుటకు పుస్తకముతోపాటు పొరుగును కావలెను.

వర్లీ చాళ్ల పునర్నిర్మాణమునకు 2017లో శంకుస్థాపన జరిగెను. అర్హుడైన అద్దెదారునకు 500 చదరపుటడుగుల సొంత నివాసము ఆ పథకము వాగ్దానము. ఇప్పుడు నగరమునకు వచ్చు తెలుగు యువకుని స్థితి వేరు: పదునొకండు నెలల ఒప్పందము, ముందస్తు డిపాజిట్టు, దళారి రుసుము. తాతకున్న రక్షణ అతనికి లేదు.

సొంత యింటి తాళపుచెవి అందుకొనవలెనన్న పాత అద్దె రసీదులే సాక్ష్యము. తాత పేర, తండ్రి పేర, కొడుకు పేర నున్న ఆ చిన్న కాగితములు బొంబాయి తెలుగువారి వలసకు శాసనముల వంటివి. కొత్త యింటికి పోవు తొందరలో వానిని పారవేయక, ప్రతులనైనను సంఘముల గ్రంథాలయములలో చేర్చుట అవసరము. రాజుల శాసనములు రాతిపై నిలిచినవి. కూలివాని శాసనము నిలుచుట వాని మనుమల చేతిలో నున్నది.