నాగార్జునకొండ లోయలో మునిగిన తొలిజనుల యూరు

నాగార్జునకొండ యనగానే మన పండితులకు స్ఫురించునవి ఇక్ష్వాకుల విజయపురియు, చైత్యవిహారములును, సున్నపురాతి శిల్పములును. పల్నాటి సీమలోని యా లోయయందు ఇక్ష్వాకులకు వేయేండ్లకు పైగా పూర్వమే జనులు కాపుర ముండిరని తలచువారు తక్కువ. ఆ జనుల యునికిపట్టు నేడు కృష్ణాజలాశయము క్రింద నున్నది.

1926లో ఏ. ఆర్. సరస్వతిగారు శిథిలములను గుర్తించిన పిమ్మట లాంగ్‌హర్స్టు దొరగారు 1927 మొదలు 1931 వరకును, టి. ఎన్. రామచంద్రన్‌గారు 1938లోను త్రవ్వించినవి ప్రధానముగా బౌద్ధస్థలములే. సాగరు కట్టడమునకు 1955 డిసెంబరు 10వ తేదీని శంకుస్థాపన జరిగినది. లోయ మునుగుట తప్పదని యెరిగి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున పురావస్తుశాఖవారు లోయ నెల్ల శోధించిరి. పాతరాతియుగపు పనిముట్లును, నవీనశిలాయుగపు నునుపుగొడ్డళ్ళును, బృహచ్ఛిలా సమాధులును అప్పుడే వెలువడినవి.

వీనిలో నాకు మిక్కిలి విలువైనవిగా దోచునవి నవీనశిలాయుగపు గోతియిండ్లు. ఆ జనులు గోడలు గట్టలేదు. నేలను గుండ్రముగనో కోలగనో త్రవ్వి, గుంజలు పాతి, పైన కప్పు వేసికొనిరి. గుంజలు చివికి మన్నైనను అవి నిలిచిన గుంతలు మిగిలినవి. ఇంటినేలపై పొయ్యిజాడలును గనబడినవి. శాసనమును చదువ నేర్చిన మనము గుంతను చదువ నింకను నేర్వలేదు.

మునుకకు ముందు కొన్ని కట్టడములను విడదీసి, కొండపైకిని అనుపునకును జేర్చి మరల నిలిపిరి. బృహచ్ఛిలా సమాధి నొకదానిని గూడ కొండమీద నమర్చిరి. రాతిని మోయవచ్చును, గుంతను మోయుట యెట్లు? ద్వారకా తిరుమలకు చేరువనున్న గుంటుపల్లిలో బౌద్ధభిక్షువులకై కొండరాతిని తొలిచిరి గనుక ఆ గుహలు నేటికిని నిలిచియున్నవి. మన్ను తొలిచి కాపురమున్నవాని యిల్లు మాత్రము రెండుమారులు నశించినది, పార తగిలినపు డొకమారు, నీరు నిండినపు డొకమారు.

కావున వారి యూరు నేడు మనకు దొరకునది కాగితముమీదనే. ఆ త్రవ్వకముల నివేదికలో ప్రాక్చరిత్రకు సంబంధించిన ప్రథమసంపుటము 1975లో అచ్చయినది. చరిత్రకాలపు సంపుటము 2006లో గాని వెలువడలేదు. ప్రథమసంపుటములోని గోతియిండ్ల పటములకు కొలతలతోడను తెనుగు వివరణతోడను ఒక చిన్నపుస్తకము సిద్ధపరచినచో బడిపంతుళ్ళు నల్లబల్లపై వానిని వ్రాసి చూపగలరు. ఆ పనికి పూనుకొనవలసినదిగా పరిషత్తువారిని కోరుచున్నాను.