బ్రేకు పట్టు

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో జర్మనీలోని మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు మోటారుబండిలో బయలుదేరెను. దారిలో కొయ్యబ్రేకులు అరిగిపోగా, ఒక చర్మకారునిచేత వానికి తోలు కొట్టించెను. బ్రేకు తాపడమునకు అదియే నాందియందురు.

1921లో అమెరికాలో వెలువడిన డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రములకును ద్రవపీడన బ్రేకులుండెను. దానితో కొత్త చిక్కొకటి వచ్చినది. నొక్కిన ద్రవము కుదించుకొనదు, గాలి కుదించుకొనును. బ్రేకులు మార్చునపుడు గొట్టమున గాలి చేరినచో పెడలు మెత్తగా దిగిపోవును, బండి మాత్రము చప్పున ఆగదు. ఆ గాలిని వెడలింపవలెను. పెడలు గట్టిగానున్నను పట్టు చాలనిచో, తాపడమునకు జిడ్డంటెనేమో చూడవలెను. లేదా కొత్త తాపడము డ్రమ్ముతో ఒరసికొని ఇంకను అమరలేదేమో. తోలైనను నేటి తాపడమైనను, మార్చినంతనే నమ్మరాదు. పల్లమునకు దిగకముందే నిర్జనమైన చదునుబాటలో మెల్లగా పరీక్షింపవలెను.